ఎడమ చక్రం కింద చప్పుడు

డిపో ఫిర్యాదుల పుస్తకంలో ఏడో నంబరు బండి ఒక్కదానికే తొమ్మిది పేజీలు ఖర్చయ్యాయి. మిగతా డ్రైవర్లు "బ్రేకు మెత్తగా ఉంది", "హారను మూగబోయింది" అని రెండు ముక్కలు గిలికి టీకి పోయేవారు. ఏడో నంబరు డ్రైవరుకి అలా చేతకాదు. గుండ్రటి అక్షరాలతో, ఒక్క కామా కూడా మానకుండా, "ఎడమ మలుపులో, రెండో గేరులో, మనుషులు నిండా ఉన్నప్పుడు, మురుగుకాల్వ మూత మీద ముందు చక్రం ఎక్కి దిగేటప్పుడు, చెక్కపెట్టెలో గోళీకాయ దొర్లి ఆగినట్టు ఒకే ఒక్క చప్పుడు" అని రాసేవాడు. దాని కింద మేస్త్రీ చేతిరాతలో ఎప్పుడూ ఒకటే జవాబు. "చూశాను. లోపం లేదు."

ఆ డిపోలో బండ్లకి ఉన్న పని ఒకటే. నడవలేని వాళ్లనీ ముసలివాళ్లనీ పొద్దున ఇళ్ల దగ్గర ఎక్కించుకుని ఆసుపత్రిలో దింపడం, సాయంత్రం మళ్లీ ఇళ్లకి చేర్చడం. ఇరవై ఆరు సీట్ల పెద్ద బండ్లు పదకొండు. అన్నిటినీ బాగుచేసే మేస్త్రీ ఒక్కడే. ఇరవై రెండేళ్ల సర్వీసులో అతను లేదన్న లోపం ఉందని తేలిందీ లేదు, ఉందన్నది లేదని తేలిందీ లేదు. డ్రైవర్లే కాదు, బండ్లు కూడా అతని మాట వింటాయని డిపోలో అనుకునేవారు. అంటుంటే మేస్త్రీ కాదనేవాడూ కాదు.

ఏడో నంబరు డ్రైవరు అతనికి పరాయివాడేం కాదు, సొంత అక్క మొగుడు. తల్లి పోయాక మేస్త్రీని పెంచింది ఆ అక్కే. పద్దెనిమిదేళ్లు వచ్చినా చదువు అబ్బక గాలికి తిరుగుతుంటే సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తెచ్చి పాత మేస్త్రీకి అప్పగించింది ఈ బావే. డిపోలో అందరూ బావని చప్పుళ్లాయన అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదని మేస్త్రీ ఎప్పుడూ చెబుతుంటాడు. పెట్టింది అతనే. బావమరిది అన్నాక ఆ మాత్రం వేళాకోళానికి హక్కుంటుందని అతని ఉద్దేశం.

రెండు నెలల కిందట ఆ వేళాకోళం కాస్తా ముదిరింది. ఒక ఉదయం బావ పదహారుమంది రోగుల్ని ఎక్కించుకుని, ఆ మలుపు దాటగానే బండి పక్కకి తీసి ఆపేశాడు. ఎడమ చక్రం చూస్తేగానీ అడుగు కదలనన్నాడు. రోగులు గంటసేపు ఎండలో కూర్చున్నారు. వాళ్లలో ఇద్దరికి ఆ పూట జరగాల్సిన వైద్యం తప్పిపోయింది. డిపో మేనేజరమ్మ లోపం ఉందా లేదా అని మేస్త్రీని లిఖితపూర్వకంగా అడిగింది. మేస్త్రీ ఎప్పటిలాగే జాకీ పెట్టి బండి లేపాడు, గడ్డపార చక్రం కింద దూర్చి ఊపాడు, ఎప్పటిలాగే చక్రం బండరాయిలా కదలకుండా ఉంది. "చూశాను. లోపం లేదు" అని రాసి ఈసారి కింద సంతకం కూడా పెట్టాడు.

ఆ సంతకంతో బావ స్టీరింగు పోయింది. బండ్లు కడిగే దగ్గర నీళ్ల పైపు చేతికిచ్చారు. వారం కిందట ఒక కాగితం కూడా ఇచ్చారు. "నాకు లేని చప్పుళ్లు వినపడుతున్నందున డ్రైవరు పని నా ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాను" అని దాని సారాంశం. శుక్రవారం మధ్యాహ్నం మూడింటిలోగా సంతకం పెట్టి ఇస్తే నీళ్ల పైపు దగ్గరే ఉండిపోవచ్చు. ఇవ్వకపోతే డాక్టర్ల ముందు కూర్చుని తన చెవుల గురించీ తలకాయ గురించీ సంజాయిషీ చెప్పుకోవాలి. ముప్పై ఏళ్లు బండి నడిపిన మనిషికి రెండూ రెండే.

ఆ రెండు నెలల్లో బావ మేస్త్రీతో ఒక్క మాట మాట్లాడలేదు. అక్క ఫోను ఎత్తడం మానేసింది. ఒకసారి ఇంటికి వెళితే మంచినీళ్లిచ్చింది, కూర్చోమంది, అంతకుమించి ఏమీ అనలేదు. ఆవిడ తిట్టి ఉంటే మేస్త్రీకి ప్రాణం హాయిగా ఉండేది. భార్యాభర్తలిద్దరూ కూడబలుక్కుని తనమీద అలిగారని అతను తీర్మానించుకున్నాడు. అలిగితే అలగనీ, లేని లోపాన్ని ఉందని రాయడం తనవల్ల కాదని కూడా తీర్మానించుకున్నాడు.

ఆ శుక్రవారం పదకొండింటికి ఏడో నంబరు టైరు మార్పిడికి షెడ్డులోకి వచ్చింది. ముందు ఎడమ టైరు లోపలి అంచు అరిగిపోయి తీగలు బయటపడ్డాయి. టైర్ల మనిషి తన చిన్న జాకీ పట్టుకుని ఆపసోపాలు పడుతూ కింద కూర్చున్నాడు. అతను మనిషి భారీ, పని తేలిక. ఎందులోనైనా తక్కువ శ్రమ ఎక్కడుందో ముందు అక్కడికే పోతాడు. జాకీని బండి చట్రం, అంటే ఛాసిస్ కింద కాకుండా, చక్రం పక్కనే దాన్ని పట్టుకుని ఉండే ఇనప చేయి, కింది ఆర్మ్ కింద పెట్టి పదిసార్లు కొట్టాడు. చక్రం నేల వదిలింది. నట్లు విప్పబోతూ టైరు మీద చెయ్యి వేసి ఆగాడు.

"మేస్త్రీ గారూ, ఇదేంటి, ఇలా ఊగుతోంది?"

మేస్త్రీ వచ్చి ముందు చూసింది చక్రాన్ని కాదు, జాకీని. చూడగానే ఒంటికాలి మీద లేచాడు.

"ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు? జాకీ ఛాసిస్ కిందే పెట్టాలి, ఆర్మ్ కింద పెట్టకూడదని!"

"అక్కడ పెడితే నలభైసార్లు కొట్టాలండీ. ఇక్కడైతే పదిసార్లకే లేస్తుంది. నడుము నాది కదా, మీది కాదు."

మేస్త్రీ పెద్ద జాకీ లాక్కొచ్చి ఛాసిస్ కింద పెట్టి బండి లేపాడు. చిన్న జాకీని కాలితో పక్కకి నెట్టి, గడ్డపార టైరు కింద దూర్చి బలంగా ఎత్తాడు. చక్రం ఉలకలేదు, పలకలేదు.

"ఏదీ, ఎక్కడ ఊగుతోంది?"

టైర్ల మనిషి కూడా వచ్చి ఊపి చూశాడు. "ఇందాక ఊగిందండీ మరి" అన్నాడు బుర్ర గోక్కుంటూ.

"బాగుంది. ఒకాయనకి చప్పుళ్లు వినపడతాయి, ఇంకొకాయనకి ఊగడాలు కనపడతాయి. డిపో పేరు మార్చేద్దాం."

టైర్ల మనిషి నవ్వి, ఎలాగూ బండి మేస్త్రీ చేతిలో పడింది కదా అని టీకి పోయాడు. మేస్త్రీ గడ్డపార గోడకి చేర్చాడు. చేర్చినవాడు అక్కడే నిలబడిపోయాడు. టైర్ల మనిషి బద్ధకస్తుడేగానీ అబద్ధాలకోరు కాదు. అబద్ధమాడడం కూడా ఒక శ్రమేనని అతను నమ్ముతాడు.

మేస్త్రీ చుట్టూ ఒకసారి చూసి, చిన్న జాకీని మళ్లీ ఆర్మ్ కిందికి తోశాడు. పదిసార్లు కొట్టాడు. పెద్ద జాకీని కొద్దిగా దించాడు. గడ్డపార దూర్చి ఎత్తాడు.

టక్.

చెక్కపెట్టెలో గోళీకాయ దొర్లి ఆగినట్టు, ఒకే ఒక్క చప్పుడు.

మళ్లీ ఎత్తాడు. మళ్లీ అదే చప్పుడు. చక్రం అంతా బొటనవేలు మందం పైకి లేచి కిందికి దిగుతోంది. మేస్త్రీ వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు. ఆలోచించడానికి కాదు. ఆలోచించాల్సిందేం మిగల్లేదు, అంతా కళ్లెదురుగానే ఉంది.

ఈ బండ్లలో ముందు చక్రాన్ని రెండు ఇనప చేతులు పట్టుకుని ఉంటాయి, పైన ఒకటి, కింద ఒకటి. వాటినే ఆర్మ్‌లు అంటారు. చేయి చివర చక్రం తిరగడానికి ఉన్న కీలే బాల్ జాయింటు. మన భుజం కీలు లాంటిదే, గిన్నెలో గుండు. అరిగితే గుండు గిన్నెలో ఆడుతుంది. మరీ అరిగితే ఒకరోజు ఊడి బయటికొస్తుంది, చక్రం బండి కిందికి మడుచుకుపోతుంది. అరుగుదల తెలియాలంటే కీలు మీద బరువు ఉండకూడదు. ఛాసిస్ పట్టి లేపితే పైనున్న స్ప్రింగు కింది చేతిని తొక్కిపట్టి ఉంచుతుంది, కీలు బిగుసుకుపోతుంది, ఎంత అరిగినా కదలదు. అదే చేతి కింద జాకీ పెట్టి లేపితే స్ప్రింగు బరువు జాకీ మీద పడుతుంది, కీలు తన నిజం తాను చెబుతుంది.

పాత మేస్త్రీ కాలం నాటి బండ్లకి ఈ బాధ లేదు. అవి చుట్ట స్ప్రింగులకి బదులు కమాను కట్టలున్న బండ్లు, ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకే దూలం. జాకీ ఎక్కడ పెట్టినా ఒకటే. జారకుండా ఉంటుందని పాత మేస్త్రీ ఛాసిస్ కింద పెట్టమనేవాడు. ఆరేళ్ల కిందట కొత్త బండ్లు వచ్చినప్పుడు మేస్త్రీ పానాలు మార్చాడు, గ్రీజు మార్చాడు, చార్టులు తెచ్చి గోడకి అంటించాడు. జాకీ చోటు మాత్రం మార్చలేదు. అది మార్చాల్సిన విషయమని అతనికి తోచనే లేదు.

పన్నెండు కొట్టింది. స్టోరు గదిలో కొత్త బాల్ జాయింట్లు రెండు జతలున్నాయి. గమ్మున మార్చేసి "అరుగుదల, మార్చాను" అని రాస్తే, ఈ రెండు నెలల్లోనే అరిగిందనుకుంటారు. టైర్ల మనిషికి జాకీ రహస్యం అర్థం కాదు, అయినా ఎవరికీ చెప్పడు. బావ సంతకం పెడతాడు. యాభై నాలుగేళ్లొచ్చాయి, నీడపట్టున పని, ఒకందుకు మంచిదే. మిగతా పది బండ్లని కూడా ఒక్కొక్కటిగా, ఎవరికంటా పడకుండా చూసుకోవచ్చు. ఈ మాటలన్నీ మేస్త్రీ తనకి తానే చెప్పుకున్నాడు. చెప్పుకున్నంతసేపూ అన్నీ సబబుగానే ఉన్నాయి. లేచి వెళ్లి కీలు నట్టుకి అడ్డంగా ఉన్న పిన్నును కూడా లాగేశాడు.

పిన్ను చేతిలో పట్టుకుని తల ఎత్తితే షెడ్డు గుమ్మంలోంచి బావ కనిపించాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నాలుగో నంబరు అద్దాలు కడుగుతున్నాడు. పక్కన ఎవరో ఒక బండి స్టార్టు చేశారు. బావ వెంటనే పైపు కింద పడేసి, గబగబా నడిచి ఆ మూల గోడ దాకా పోయి, అటు తిరిగి నిలబడ్డాడు. బండి గేటు దాటాక వెనక్కి వచ్చి పైపు తీసుకున్నాడు. చెవుల్లో దూది ఉంది. ఆ దూదిని మేస్త్రీ రెండు నెలలుగా చూస్తూనే ఉన్నాడు, నీళ్లు పోకుండా పెట్టుకున్నాడనుకున్నాడు. నీళ్లకి భయపడే మనిషి ఇంజను చప్పుడుకి గోడ దగ్గరికి ఎందుకు పోతాడో అతనికి అర్థం కాలేదు.

పిన్ను జేబులో వేసుకుని వెళ్లాడు. "బావా" అని పిలిచాడు. వినపడలేదు. భుజం మీద చెయ్యి వేశాడు. బావ ఉలిక్కిపడి తిరిగి, ఒక చెవిలో దూది తీశాడు.

"ఒక చెయ్యి కావాలి. ఏడో నంబరు కింద."

"నేనెందుకు? టైర్లాయన లేడా?"

"టీకి పోయాడు."

"వస్తాడుగా."

"నువ్వు రా బావా."

బావ చేతులు ప్యాంటుకి తుడుచుకుని వెనకే వచ్చాడు. షెడ్డులో ఒక పద్ధతుంది. కీలు చూడాలంటే ఇద్దరుండాలి. ఒకడు పైన గడ్డపారతో చక్రం ఎత్తుతాడు, ఒకడు కింద పడుకుని కీలు మీద అరచెయ్యి పెడతాడు. కదలిక తగిలినప్పుడల్లా కిందివాడు "ఆ" అనాలి. కన్ను పొరపాటు పడ్డా చెయ్యి పడదని ఆ పద్ధతి. ఇరవై రెండేళ్ల కిందట మొదటిరోజు మేస్త్రీని కింద పడుకోబెట్టినప్పుడు పైన గడ్డపార పట్టుకున్నది బావే.

బావ కిందికి దూరాడు. మేస్త్రీ గడ్డపార ఎత్తాడు. టక్‌మంది. కింద నుంచి మాట లేదు. మళ్లీ ఎత్తాడు. మాట లేదు. మూడోసారి ఎత్తేసరికి మేస్త్రీకి ఒళ్లు మండింది. ఇన్నాళ్ల కసి ఇలా తీర్చుకుంటున్నాడనుకున్నాడు.

"చెయ్యి సరిగ్గా పెట్టావా?"

"పెట్టాను."

"మరి నోరు విప్పవేం?"

బండి కింద నుంచి బావ గొంతు, అడగాలా వద్దా అన్నట్టు వచ్చింది.

"నీకు కూడా కనపడుతోందా?"

"ఏంటి?"

"అదే, కదలడం. పై నుంచి నీక్కూడా కనపడుతోందా, నా చేతికి ఒక్కదానికేనా?"

మేస్త్రీ గడ్డపారని ఇంకోసారి ఎత్తి చక్రాన్ని చూశాడు.

"కనపడుతోంది బావా."

"చప్పుడు?"

"వినపడుతోంది."

"గోళీకాయలాగా?"

"గోళీకాయలాగే."

కింద నుంచి పెద్ద నిట్టూర్పు వచ్చింది. బావ బయటికి రాలేదు, అక్కడే పడుకుని ఉన్నాడు. నీళ్లలో నానిన అతని పాదాలు రెండూ బండి బయటికి కనిపిస్తున్నాయి.

"మరి రెండు నెలల కింద లేదన్నావు కదరా."

"జాకీ పెట్టకూడని చోట పెట్టాను. అప్పుడే కాదు, ఆరేళ్లుగా అన్ని బండ్లకీ అక్కడే పెడుతున్నాను. నాకిప్పుడే తెలిసింది. నామీద కోపంతో మాట్లాడటం లేదనుకున్నాను బావా."

"కోపం దేనికి? నువ్వు లేదంటే లేనట్టేనని ఈ డిపోలో అందరికంటే ముందు చెప్పిందెవరు, నేనే కదా? నువ్వు సంతకం పెట్టి మరీ లేదన్నావు. అయినా నాకు వినపడుతోంది. ఇక తేడా నా తలకాయలో కాక ఎక్కడుంటుంది? ఇంట్లో కుళాయి చుక్క పడితే మీ అక్కని పిలిచి, నీక్కూడా వినపడుతోందా అని అడిగేవాణ్ణి. పాపం అదీ పని వదిలేసి వచ్చి వినేది. ఫోను మోగితే బెదిరిపోతున్నానని దాని గొంతు నొక్కేసి బీరువాలో పెట్టింది. నీకు తెలియనివ్వొద్దని ఒట్టు వేయించుకున్నాను."

"దూది కూడా అందుకేనా?"

"వినపడకపోతే గొడవే లేదుగా."

మేస్త్రీకి ఏడుపొచ్చింది. గడ్డపార వదిలేస్తే కింద ఉన్న చెయ్యి నలుగుతుంది కాబట్టి వదల్లేదు, అలాగే పట్టుకుని భుజంతో కళ్లు తుడుచుకున్నాడు. "సంతకం పెట్టావా?" అని అడిగాడు.

"పొద్దునే పెట్టాను. జేబులో ఉంది."

"చెయ్యి తీసి బయటికి రా. ముందు దీన్ని ఊడదీద్దాం."

చక్రం విప్పారు. కీలు నట్టు వదులు చేసి, ఊడి మీద పడకుండా నాలుగు మరలు ఉంచారు. గుండుకున్న మేకు చక్రం తాలూకు ఇనప కన్నంలో ఏళ్ల తరబడి బిగిసి కూర్చుని ఉంటుంది, లాగితే రాదు. ఒకడు కన్నానికి అవతల పెద్ద సుత్తి ఆనించి పట్టుకోవాలి, ఒకడు ఇవతల నుంచి కొట్టాలి. బావ ఆనించాడు. మేస్త్రీ సుత్తి ఎత్తినవాడు ఆగి, "దూది పెట్టుకో, ఇప్పుడు దానికి పనుంది" అన్నాడు. రెండు నెలల్లో బావ మొదటిసారి నవ్వాడు. నాలుగో దెబ్బకి మేకు ఊడింది. బోల్టులు విప్పి కీలు బయటికి తీస్తే రబ్బరు తొడుగు చిరిగి, లోపల గ్రీజు ఎండి నల్లటి పొడైపోయి ఉంది. బావ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. మళ్లీ ఊపాడు. పసివాడి చేతికి గిలక్కాయ ఇచ్చినట్టు, చాలు అన్నా ఆపలేదు.

రెండున్నరకి ఇద్దరూ మేనేజరమ్మ గదిలో ఉన్నారు. ఆవిడ మంచిదీ కాదు, చెడ్డదీ కాదు, కాగితం ఏది చెబితే అది చేసే మనిషి. మేస్త్రీ పాతగుడ్డలో చుట్టిన కీలును ఆవిడ బల్ల మీద పెట్టాడు.

"ఊపి చూడండి మేడమ్."

ఆవిడ రెండు వేళ్లతో పట్టుకుని ఊపింది. టక్‌మంది.

"ఆయన తొమ్మిది పేజీలు రాసింది దీని గురించే. నేను లేదని రాశాను. తప్పు రాశాను. చూసే పద్ధతే తప్పు. మిగతా పది బండ్లూ అలాగే చూశాను కాబట్టి వాటినీ నమ్మడానికి లేదు. బయట ఉన్నవాటిని మెల్లగా నడుపుకుంటూ రమ్మనండి. వచ్చింది వచ్చినట్టు ఆపేయండి."

"పదీ ఆపేస్తే రేపు రోగుల సంగతి?"

"బయట నుంచి బండ్లు తెప్పించండి. ఊడిన చక్రంతో వెళ్లేకంటే ఆలస్యంగా వెళ్లడం మేలు."

ఆవిడ కీలును మళ్లీ ఒకసారి ఊపి, గుడ్డ మీద పెట్టి చేతులు తుడుచుకుంది. "మీ మీద పైకి రాయాల్సి వస్తుంది మేస్త్రీ గారూ."

"రాయండి. అవసరమైతే నేనే రాసిస్తాను, జాకీ బొమ్మ వేసి మరీ."

ఆవిడ బావ వైపు చెయ్యి చాచింది. బావ జేబులోంచి కాగితం తీశాడు. తడిసి సంతకం అలుక్కుపోయింది. ఆవిడ దాన్ని ఆసాంతం చదివి, నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేసింది. "పని అయ్యాక మీరే నడిపి చూసి చెప్పండి" అంది బావతో.

ఇంత చేసినా మేస్త్రీ మనసు తేలికపడలేదు. ఇరవై రెండేళ్ల పేరు ఒక్క పూటలో పోయిందన్న బాధ ఒక పక్క ఉండనే ఉంది, లేదనడం అబద్ధం. కానీ ఆ బాధ పైకి తేలినప్పుడల్లా "నీక్కూడా కనపడుతోందా" అన్న గొంతు చెవిలో పడి దాన్ని కిందికి తొక్కేసేది.

కుడివైపు కీలు కూడా కొంత అరిగి ఉండటంతో రెండువైపులా కొత్తవి వేశారు. బిగువు కొలిచే పానాతో నట్లు బిగించి, కొత్త పిన్నులు దూర్చి చివరలు వంచి, రబ్బరు తొడుగు ఉబ్బేదాకా గ్రీజు కొట్టారు. కొత్త టైరు ఎక్కించి, చక్రాల వంకర సరిచేసేసరికి నాలుగున్నరయింది. మనుషులు నిండా ఉన్నప్పుడే చప్పుడొస్తుందని పుస్తకంలో రాసి ఉంది కాబట్టి, సీట్ల మీద ఇసుక బస్తాలు వేయించి, చాలకపోతే ఉంటాడని టైర్ల మనిషిని కూడా ఎక్కించారు.

బావ సీట్లో కూర్చుని అద్దం సరిచేసుకున్నాడు. చెవుల్లో దూది తీసి డాష్‌బోర్డు మీద పెట్టాడు. మేస్త్రీ పక్కన, ఒక అడుగు వెనగ్గా నిలబడ్డాడు. బండి గేటు దాటి, మందుల దుకాణం దాటి, ఆ మలుపు దగ్గరికి వచ్చింది. రెండో గేరు. మురుగుకాల్వ మూత మీద ఎడమ చక్రం ఎక్కి దిగింది. ఏ చప్పుడూ లేదు. ఇంకో చుట్టు వేసి మళ్లీ వచ్చారు. అప్పుడూ లేదు.

"ఏమైనా ఉందా?" అని అడిగాడు మేస్త్రీ.

"ఏం లేదు" అన్నాడు బావ. మాట మరీ తొందరగా వచ్చింది.

మూడో చుట్టులో మేస్త్రీ రోడ్డు చూడటం మానేసి బావ మొహం చూశాడు. మలుపు దాటాక, సిగ్నలు దగ్గర బ్రేకు వేసినప్పుడు, బావ తల కొంచెం వెనక్కి తిరిగింది. కనుబొమలు దగ్గరికి వచ్చాయి. వెంటనే సర్దుకుని సూటిగా ముందుకి చూడసాగాడు. ఆ మొహం మేస్త్రీకి ఇరవై రెండేళ్లుగా తెలుసు. ఆ మొహం చూసే చప్పుళ్లాయన అని పేరు పెట్టాడు.

"బావా, నీకేదో వినపడుతోంది."

"ఏం లేదురా, బాగుంది బండి."

"చెప్పు."

"ఇప్పుడే కదా అంతా సర్దుకుంది. వదిలెయ్."

"చెప్పు బావా."

బావ స్టీరింగు మీద వేళ్లు ఒకసారి తెరిచి మూశాడు. "వెనకాల, కుడివైపు ఆఖరి సీటు కింద. సన్నగా, తీగ మీటినట్టు. బ్రేకు వేసినప్పుడే, మళ్లీ ఉండదు" అన్నాడు. అని, అద్దంలోంచి మేస్త్రీ వైపు చూశాడు. "నీకు వినపడుతోందా?"

మేస్త్రీ ఊపిరి బిగపట్టి విన్నాడు. ఇంజను మోత, బస్తాలు ఒరుసుకుంటున్న చప్పుడు, టైర్ల మనిషి ఆవలింత. అవును అనేయాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాటతో బావ మొహం విచ్చుకుంటుందని తెలుసు. కానీ చూడకుండా ఉందనడం కూడా, సరిగ్గా చూడకుండా లేదనడం లాంటిదే.

"నాకు వినపడటం లేదు" అన్నాడు. బావ చూపు అద్దంలోంచి జారి డాష్‌బోర్డు మీద దూది దగ్గర ఆగింది. "అందుకని వెళ్లి చూస్తాను. నువ్వు పోనిస్తూ ఉండు, నేను చెప్పినప్పుడు బ్రేకు వెయ్" అన్నాడు మేస్త్రీ.

బస్తాల మధ్యగా వెనక్కి పోయి, టైర్ల మనిషి కాళ్లు దాటుకుని, ఆఖరి సీటు పక్కన నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. సీటు కింద ఇనప కాలు చుట్టూ అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకున్నాడు.

"వెయ్ బావా!"

బండి ఒక్క కుదుపుతో నెమ్మదించింది. చెవికి ఏమీ తగల్లేదు. కానీ అరచేతి కింద, వెంట్రుకవాసి మందాన, ఇనుము వణికి ఆగింది.

"ఆ!" అని మేస్త్రీ ముందు సీటు దాకా వినపడేలా అరిచాడు.